అన్నీ తెలుసు, ఇంటర్వ్యూలో మాత్రం నోరు పెగలదు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నాకు 24 ఏళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, బడి చదువంతా ఒడియాలో సాగింది. బరంపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను, మంచి మార్కులే వచ్చాయి. విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా కంపెనీల్లో ల్యాబ్ ఉద్యోగాలకు మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాను, ఒక్కటీ రాలేదు. బఫర్ (పీహెచ్, అంటే ఆమ్లత్వం, పెద్దగా మారకుండా ఉంచే ద్రావణం) ఎలా తయారు చేస్తారని అడిగితే తెలిసిన జవాబే గొంతు దాటలేదు, ఇంగ్లీషు తడబడింది. ఇంకోచోట ‘మీరు ఆంధ్రావాళ్ళా, ఒడిశావాళ్ళా?’ అంటే తడబడ్డాను, నా తెలుగు విని నవ్వుకున్నట్టనిపించింది. చదువయ్యాక ఏడాది ఖాళీగా ఎందుకున్నారంటే ‘ఊరికే’ అన్నాను. నిజానికి నాన్నమ్మ తుంటి ఎముక విరిగితే నేనే చూసుకున్నాను, సాయంత్రాలు టెన్త్ పిల్లలకు ట్యూషన్ చెప్పాను. నెలాఖరున మరో ఇంటర్వ్యూ ఉంది. ఇదీ రాకపోతే సంబంధం చూసేస్తానని నాన్న అంటున్నారు. మాటకు ముందు మేనత్త కూతురి జీతం ఎత్తుతారు. ఇంటర్వ్యూ దగ్గర పడితే అన్నం సహించదు, నిద్ర పట్టదు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంలో జరిగింది జరిగినట్టు, ఒకదాని తర్వాత ఒకటి చక్కగా చెప్పారు. మాట రాని మనిషి ఇలా చెప్పలేరు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నోరు పెగలలేదని కూడా మీరెక్కడా రాయలేదు. ఇంటర్వ్యూ గదిలోకి మీరు మూడు విషయాలు దాచుకుని వెళ్తున్నారని నాకనిపిస్తోంది: ఒడియా మీడియం చదువు, తడబడే ఇంగ్లీషు, ఖాళీ ఏడాది. అవతలివాళ్ళు వాటి జోలికి వస్తారేమోనన్న భయంతోనే మనసు నిండిపోతే కెమిస్ట్రీకి చోటెక్కడిది? కాబట్టి ఈసారి ఆ మూడింటినీ మీరే ముందుగా చెప్పేయండి.

‘మాది పర్లాకిమిడి సార్. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఎమ్మెస్సీ ఇంగ్లీషులో.’ ఆంధ్రావాళ్ళా, ఒడిశావాళ్ళా అన్న ప్రశ్నకు ఇదే జవాబు. ఇందులో సంజాయిషీ ఏమీ అక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మీ ఊరు అటు వెళ్ళింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఇళ్ళలో తెలుగు మాట మాత్రం రెండు వైపులా ఉంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మీ ఊళ్ళోనే, సవర గిరిజనుల భాష నేర్చుకుని దాని మీద పనిచేసిందీ ఆ ప్రాంతంలోనే. అలాంటి ఊరి తెలుగు మాట్లాడుతూ మీరు సిగ్గుపడుతుంటే నాకు బాధగా ఉంది. పైగా పరవాడ చుట్టుపక్కల ఒడిశా నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడగల కెమిస్టు కంపెనీకి పనికొచ్చే మనిషి. ఆ మాట మీ నోటితోనే చెప్పండి.

ఖాళీ ఏడాదికి రెండు వాక్యాలు చాలు: ‘నాన్నమ్మకు తుంటి ఎముక విరిగింది, దగ్గరుండి చూసుకున్నాను. అప్పుడే టెన్త్ పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెప్పాను.’ అంతటితో ఆపండి. జాలి కోసం పొడిగించకండి, అలాగని ‘ఊరికే’ అని మీ కష్టాన్ని మీరే కొట్టిపారేయకండి.

ఇక సబ్జెక్టు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళకు పుస్తకమంతా తెలుసా అని కాకుండా, చేతితో చేసిన పని గురించి ఎంత నిజాయితీగా చెబుతారన్నదే ఎక్కువగా చూస్తారు. బఫర్ ప్రశ్ననే తీసుకోండి. బలహీన ఆమ్లం, దాని లవణం అన్న నిర్వచనం దగ్గర ఆగిపోకండి. మీరు బల్ల ముందు నిలబడి ఉన్నట్టే చెప్పండి: ముందు పీహెచ్ మీటరును 4, 7, 10 బఫర్లతో సరిచూస్తాను, లవణం తూచి కొంత నీళ్ళలో కరిగిస్తాను, పీహెచ్ సరిచేస్తాను, ఆ తర్వాతే ఫ్లాస్కు మీది గుర్తు వరకు నీళ్ళు కలుపుతాను, సీసా మీద పేరు, తేదీ రాస్తాను. ఇలా చేతి పని వరసలో చెప్తే మాట దానంతటదే వస్తుంది.

మీకు బాగా వచ్చిన ప్రయోగాలు నాలుగైదు ఎంచుకుని ప్రతి మెట్టుకీ ‘ఎందుకు?’ అని మీరే అడుక్కోండి. పర్మాంగనేట్ ద్రావణానికి బ్యూరెట్‌లో పై అంచు ఎందుకు చూస్తాం? రంగు ముదురుగా ఉండి కింది వంపు కనబడదు కాబట్టి. ఆమ్లాన్నే నీళ్ళలో ఎందుకు పోస్తాం, నీళ్ళను ఆమ్లంలో ఎందుకు పొయ్యం? ఇలాంటి చిన్న ప్రశ్నల దగ్గరే మంచి మార్కులవాళ్ళు కూడా బోల్తా పడతారు.

ఇంకో ప్రశ్న తప్పకుండా సిద్ధం చేసుకోండి: ‘రిజల్ట్ లిమిట్ దాటి వస్తే ఏం చేస్తావు?’ కొత్తవాళ్ళు చాలామంది ‘మళ్ళీ చేస్తాను సార్’ అంటారు. కాలేజీలో అది సరే. మందుల ల్యాబ్‌లో మాత్రం సరైన ఫలితం వచ్చేదాకా ఎవరికీ చెప్పకుండా మళ్ళీ మళ్ళీ చేయడం పెద్ద తప్పు. ద్రావణాలు పారేయకుండా ఉంచి, వెంటనే పై అధికారికి చెప్పి, విచారణ అయ్యాక వాళ్ళు చెప్పిన ప్రకారం నడుచుకోవాలి. రికార్డులో అంకె తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. పాత అంకె కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఆ మందు రేపు ఎవరో రోగి మింగుతాడు. ఈ పట్టింపు మీ మాటల్లో వినిపిస్తే ఇంగ్లీషులో వ్యాకరణం తప్పినా వాళ్ళు పట్టించుకోరు.

హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని (మందులోని పదార్థాలను విడదీసి కొలిచేది) దూరం నుంచే చూసి ఉంటే రెజ్యూమెలో ‘అనుభవం ఉంది’ అని రాయకండి, అక్కడే పట్టుకుంటారు. ‘డెమో చూశాను, సూత్రం తెలుసు’ అనండి, ఆ సూత్రం మాత్రం క్షుణ్ణంగా చదువుకోండి. రివర్స్ ఫేజ్‌లో కాలమ్ నాన్‌పోలార్, దాని గుండా పంపే ద్రావణం పోలార్ అన్నంతవరకైనా తడుముకోకుండా రావాలి. తెలియనిది అడిగితే ‘తెలియదు సార్’ అనడం తప్పు కాదు.

ఇంగ్లీషు విషయానికొస్తే, మొదటి రెండు జవాబులు నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పండి. ఎక్కడైనా చిక్కుకుంటే ‘సార్, కొంచెం తెలుగు కలిపి చెప్పనా?’ అని అడగండి. ల్యాబ్ మాటలన్నీ ఎలాగూ ఇంగ్లీషువే, మధ్యలో అతుకు మాత్రమే తెలుగు. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంగ్లీషులోనే చిన్న చిన్న వాక్యాల్లో సాగండి. బట్టీ పట్టిన పరిచయం మాత్రం మానుకోండి, మధ్యలో ఒక్క మాట జారితే మొత్తం పోతుంది.

రోజూ సాయంత్రం, ట్యూషన్ పిల్లలకు చెప్పినట్టే ఒక ప్రయోగాన్ని నిలబడి పైకి చెప్పండి, ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మనసులో చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, పైకి అంటేనే ఎక్కడ తెగుతోందో తెలుస్తుంది.

కింది మాటలు మీ నాన్నగారికి చదివి వినిపించండి. అయ్యా, మీ భయం నాకు అర్థమవుతుంది. ఆడపిల్లను ఊరు దాటించి ఇంటర్వ్యూలకు పంపుతున్నారు, ఆ మంచితనం మీలో ఉంది. కానీ ‘ఇదీ రాకపోతే పెళ్ళే’ అని చెప్పి పంపితే, ఆ గదిలో ఆమె ఉద్యోగం గురించి కాదు, మీ గురించి ఆలోచిస్తూ కూర్చుంటుంది. మేనకోడలి జీతం గురించి ఎత్తినప్పుడల్లా ఈమె గొంతు ఇంకొంచెం బిగుసుకుంటుంది. పెళ్ళికి శిక్ష రూపం ఇవ్వకండి, అది ఆ వచ్చే అబ్బాయికి కూడా న్యాయం కాదు.

అమ్మా, మీరు నాన్నతో కూర్చుని గడువు అడగండి. ‘వచ్చే ఉగాది వరకు సమయం ఇవ్వండి, ఈలోగా ఎక్కడెక్కడ అప్లై చేశానో, ఏం నేర్చుకున్నానో నెలనెలా మీకు చెబుతాను’ అనండి. ఉద్యోగం వస్తుందని మాట ఇవ్వకండి, అది మీ చేతిలో లేదు. ఇంటర్వ్యూ నుంచి తిరిగి వచ్చిన రోజు చెప్పులు విప్పకముందే ‘ఏమైంది?’ అని అడగొద్దని, మర్నాడు నేనే చెబుతానని కూడా ఆయనతో ఇప్పుడే చెప్పండి.

అన్నం, నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఇంటర్వ్యూ అయిపోయాక కూడా ఆ టెన్షన్ వదలకపోతే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనో ఒడియాలోనో మాట్లాడవచ్చు.

నెలాఖరు ఇంటర్వ్యూకి తెల్లవారుజామున బస్సెక్కి పరుగెత్తకండి. వీలైతే ముందు రోజే విశాఖ చేరి తెలిసినవాళ్ళింట్లో పడుకోండి, పొద్దున్న ఇడ్లీ అయినా తిని బయల్దేరండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి, మధ్యవర్తుల చేతిలో పెట్టకండి. ఉద్యోగం ఇప్పిస్తాం, డిపాజిట్ కట్టమనేవాళ్ళకు పైసా ఇవ్వొద్దు. నాన్నతో మాట మాత్రం ఇంటర్వ్యూ దాకా ఆపకండి, ఈ ఆదివారమే కదపండి.