మైదానం ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, పీడీ సార్ జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఉద్యోగం. వాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లు రాయల్స్ అనే బేస్‌బాల్ టీమ్ మ్యాచ్‌లు చూడడం అలవాటైంది. ఇక్కడికి వచ్చాక కూడా పొద్దున లేవగానే ఫోన్లో వాళ్ల స్కోరే చూస్తున్నా. అక్టోబర్‌తో ఆట ముగిస్తే మళ్లీ మార్చి చివర్లోనే కదా. ఆ ఖాళీలో టీమ్‌ను ఎట్లా బాగు చేసుకుంటారు? ఐపీఎల్ లాగా వేలం ఉంటుందా? ‘ఒక పెద్ద స్టార్‌ను తెచ్చుకుంటే చాలు నాన్నా’ అంటాడు మావాడు. నిజమేనా?
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: మీ అబ్బాయి మాట నేను ఒప్పుకోను అన్నా. క్రికెట్‌లో ఓపెనర్ నిలబడితే ఇరవై ఓవర్లూ ఆడేయొచ్చు. బేస్‌బాల్‌లో ఆ వీలు లేదు. తొమ్మిది మంది వరసగా రావాల్సిందే. ఎంత మొనగాడైనా మ్యాచ్‌లో నాలుగైదు సార్లే బ్యాట్ పట్టుకుంటాడు. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్ (అంటే బంతి వేసేవాడు) వంతు అయిదారు రోజులకోసారి గానీ రాదు. ఒక్కడి భుజాల మీద టీమ్ నడవదు.

ఏంజెల్స్ టీమ్‌నే చూడండి. 2018 నుంచి 2023 దాకా షోహెయ్ ఒహ్తానీ, మైక్ ట్రౌట్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు పోలేదు, ఒక్క సీజన్‌లోనూ ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ రాలేదు. 2024 డిసెంబర్‌లో మెట్స్ వాళ్లు హువాన్ సోటోతో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. అతను 2025లో 43 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు, ఏ లోటూ చేయలేదు. అయినా ఆ ఏడాది మెట్స్‌కు ప్లేఆఫ్స్ దక్కలేదు.

మీ రాయల్స్ కథ దీనికి పూర్తిగా వేరు. నాకు బాగా నచ్చిన కథ కూడా. 2023లో 162 మ్యాచ్‌లలో 106 ఓడిపోయారు. ఆ చలికాలం వాళ్లు స్టార్ల వెంట పడలేదు. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్ల దగ్గరే బోల్తా పడుతున్నామని గుర్తించి, సెత్ లూగోను మూడేళ్లకు 4.5 కోట్ల డాలర్లకు, మైకేల్ వాకాను రెండేళ్లకు 3.2 కోట్లకు తీసుకున్నారు. లూగో అప్పటికి ముప్ఫై నాలుగేళ్లవాడు, చాలా ఏళ్లు మ్యాచ్ మధ్యలో వచ్చి బంతులు వేసినవాడు. 2024లో 16 మ్యాచ్‌లు గెలిపించాడు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, సగటున మూడు పరుగులే ఇచ్చాడు, తన లీగ్‌లో ఉత్తమ పిచ్చర్ అవార్డు ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. టీమ్ 86 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. అక్కడ బాల్టిమోర్‌ను ఓడించి, యాంకీస్ చేతిలో ఓడింది.

వీటన్నిటి కన్నా మంచి పని 2024 ఫిబ్రవరిలో చేశారంటాను. బాబీ విట్ జూనియర్ వాళ్ల చేతుల్లోనే ఎదిగిన కుర్రాడు. ఇంకా చేజారే టైమ్ రాకముందే 11 ఏళ్లకు 28.8 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి ఉంచుకున్నారు. ఆ ఏడే .332 బ్యాటింగ్ సగటుతో (వెయ్యి ప్రయత్నాలకు 332 హిట్ల లెక్క) లీగ్‌లో అందరికన్నా పైన నిలిచాడు. బయటివాణ్ని తెచ్చుకునే ముందు ఇంట్లోవాణ్ని కాపాడుకోవడం చాలా టీమ్‌లకు గుర్తుకే రాదు. అయితే చివరి ఇన్నింగ్స్‌ల కోసం తెచ్చుకున్న సీనియర్ పిచ్చర్లు మాత్రం కలిసిరాలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి జులైలో ఓక్లాండ్‌తో ఆటగాళ్ల మార్పిడి చేసి లూకాస్ ఎర్సెగ్‌ను తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక వేలం సంగతి. అక్కడ వేలం ఉండదు. పెద్ద లీగ్‌లో ఆరేళ్లు పూర్తయి, ఒప్పందం ముగిసిన ఆటగాడు ‘ఫ్రీ ఏజెంట్’ అవుతాడు, నచ్చిన టీమ్‌తో మాట్లాడుకోవచ్చు. అంతకన్నా చిన్నవాళ్లు కావాలంటే మార్పిడే దారి. డిసెంబర్‌లో రూల్ 5 డ్రాఫ్ట్ అని ఇంకొకటి ఉంది. ఏ టీమ్ అయినా తన 40 మంది ప్రధాన జాబితాలో చోటివ్వకుండా కింది లీగ్‌లో కొన్నేళ్లుగా ఉంచేసిన కుర్రాణ్ని లక్ష డాలర్లు కట్టి ఇంకో టీమ్ తీసుకోవచ్చు. కాకపోతే వచ్చే సీజన్ అంతా మ్యాచ్‌లకు దిగే తమ 26 మంది జట్టులో ఉంచుకోవాలి. యోహాన్ సాంతానా అనే పిచ్చర్ 1999లో ఇట్లా చేతులు మారి మిన్నెసోటా చేరాడు. తర్వాత 2004, 2006లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు గెలిచాడు. తక్కువ డబ్బున్న టీమ్‌లు ఈ డ్రాఫ్ట్ మీద కన్నేసి ఉంచాలని నా గట్టి అభిప్రాయం.

ఈ చలికాలం మీరూ ఒక పని చేయండి. కాగితం మీద తొమ్మిది స్థానాలు, అయిదుగురు పిచ్చర్ల పేర్లు రాసి, అన్నిటికన్నా బలహీనమైన రెండు చోట్ల గీత గీయండి. రాయల్స్ వాళ్లు ఆ రెండు చోట్లకు ఎవరిని తెస్తున్నారో గమనించండి. మీ అబ్బాయితో ఫోన్లో వాదించడానికి పనికొస్తుంది.

ప్రశ్న: మా జెడ్పీ హైస్కూల్ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ టీమ్‌లో క్యాచర్, పిచ్చర్ ఇద్దరూ పదో తరగతి అయిపోయి వెళ్లిపోతున్నారు. మేము ఎవర్నీ కొనలేం కదా సార్! చాలా టెన్షన్‌గా ఉంది.
– పీఈటీ, పరకాల

జవాబు: మేడమ్, ముందు క్యాచర్‌ను, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే అమ్మాయిని, వెతకండి. మీ ఖోఖో టీమ్‌లోనే దొరుకుతుంది. వరసలో గొంతుకూర్చుని ‘ఖో’ అనగానే లేచి ఉరికే అమ్మాయికి మోకాళ్లలో ఆ బలం అప్పటికే ఉంటుంది. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) నుంచి రెండో బేస్‌కు దాదాపు 26 మీటర్లు. సున్నంతో గీత గీసి, కూర్చున్న చోటు నుంచి లేచి అంత దూరం నేరుగా మోకాలి ఎత్తుకు విసిరేది ఎవరో చూడండి. ఎడమచేతి వాటం అమ్మాయి ఉంటే మొదటి బేస్‌కు పెట్టండి.

పిచ్చింగ్‌కు మాత్రం తొందర పనికిరాదు. చేతిని కింది నుంచి తిప్పి వేయడం కుదరాలంటే నెలలు పడుతుంది, అందుకే ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఇద్దర్ని ఇప్పుడే ఎంచుకోండి, ఒక్కర్ని కాదు. మన ఎండల్లో పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకు ఆపేయండి. పదో తరగతి పరీక్షలు అయిన వెంటనే పాత క్యాచర్‌ను వారం రోజులు పిలిపించి, కొత్త అమ్మాయికి మాస్క్, ప్యాడ్లు దగ్గరుండి కట్టించమనండి. మాస్క్ పట్టీ వదులుగా ఉంటే బంతి వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల కళ్లు మూసుకుంటుంది.