రాలే పొడే పురుగు ఆనవాలు

ప్రశ్న: 2018లో తిత్లీ తుఫానుకు కూలిన మామిడి మానును ఆ తర్వాత కోయించి, పలకలతో పెంకుటింట్లో అటక వేయించాం. ఏడాదిగా సన్నటి పిండి రాలుతోంది, పలకల నిండా చిన్న రంధ్రాలు. ఈ మధ్య వీధి గుమ్మం పక్క గోడ మీద మట్టి చార కూడా పాకింది. దుకాణంలో అడిగితే అంతా చెదలేనని క్లోరిపైరిఫాస్ ఇచ్చారు. అటక కింద ధాన్యం బస్తాలున్నాయి. కొట్టవచ్చా?
– కొబ్బరి రైతు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: దయచేసి ఆ సీసా మూత తీయకండి. ధాన్యం మీద, మనుషులు పడుకునే చోట ఆ మందు పడకూడదు. పైగా అటక మీద ఉన్నది నేలలోంచి వచ్చే చెద కాదు.

ఆ చెద తిన్న చోట పిండి రాలదు. అది తిన్న మేర లోపల మట్టి మెత్తుకుంటూ పోతుంది. మీ పలకల్లో ఉన్నది బహుశా పుచ్చు పురుగు. రాత్రి అటక కింద నల్లగుడ్డ పరిచి, ఉదయం ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి. మైదాలా జారిపోతే పుచ్చు పురుగే. గసగసాల్లాంటి గట్టి గింజలు దొర్లితే మాత్రం అది నేలతో పని లేకుండా ఎండు చెక్కలోనే కాపురం ఉండే మరో రకం చెద. చిటికెన వేలు దూరేంత గుండ్రటి కన్నం, కింద ముతక రంపపు పొట్టు కనిపిస్తే గండుతుమ్మెద.

పుచ్చు పురుగు విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. మీరు చూస్తున్న రంధ్రం అది లోపలికి వెళ్లిన దారి కాదు, బయటికి వచ్చిన దారి. తల్లి పురుగు చెక్క సూక్ష్మరంధ్రాల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు నెలల తరబడి లోపలే ఉండి చెక్కలోని పిండిపదార్థాన్ని తింటుంది. పెద్దదై, గోధుమరంగు చిన్న పెంకుపురుగుగా మారి, గుండుసూది తలంత కన్నం చేసుకుని ఎగిరిపోతుంది. అందుకే పైపైన మందు కొడితే లోపలి పురుగుకు తగలదు. మామిడిలో చేవ తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. దానికి కావలసిన మేత అదే.

కత్తి మొనతో పొడిచి చూడండి. సులువుగా దిగిపోతున్న పలకలను తీసి కాల్చేయండి. అలాగే ఉంచితే పురుగు పక్క పలకలకు పాకుతుంది. గట్టిగా ఉన్నవాటిని కిందికి దించి, బ్రష్షుతో దులిపి, వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని అన్ని వైపులా రెండు మూడు సార్లు పూయండి. బాగా ఆరాక వార్నిష్ వేస్తే మళ్లీ గుడ్లు పెట్టడానికి చోటు ఉండదు. లోతున ఉన్న పురుగులు కొన్ని నెలల తర్వాత కూడా బయటికి రావచ్చు, కంగారు పడకండి. ఉన్న రంధ్రాల చుట్టూ సుద్దముక్కతో గీత గీసి ఉంచితే కొత్తవేవో తెలిసిపోతుంది.

గుమ్మం దగ్గర మట్టి చార మాత్రం నిఖార్సైన చెద. రెండంగుళాల మేర విరగ్గొట్టి చూడండి. రెండు మూడు రోజుల్లో మళ్లీ కట్టుకుంటే లోపల బతికి ఉన్నట్టే. గోడకు ఆనించి పేర్చిన కొబ్బరి మట్టలు, పొయ్యి కట్టెలు ముందు తీసేయించండి. నేలలోంచి వచ్చే చెదకు అవే మెట్లు. గోడ అడుగున అడుగుకొక రంధ్రం వేసి, ఇళ్లకు ఉద్దేశించిన ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందును లీటరు నీటికి 2.1 మి.లీ. చొప్పున కలిపి, ఒక్కో రంధ్రంలో లీటరు పోయించండి. పొలంలో వాడే 17.8 శాతం సీసాతో ఈ లెక్క కుదరదు. బావి దగ్గరగా ఉంటే ఈ పని చేయించకండి.

వానలకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లు చెదలే. నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి, నడుము సన్నగా ఉండదు. రెక్కల చీమకైతే ముందు రెక్కలు పెద్దవి, నడుము నొక్కినట్టు ఉంటుంది. తెల్లారి గుమ్మం దగ్గర రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తే ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

పొడిని ఒక అగ్గిపెట్టెలో, పుచ్చిన చెక్క ముక్కను ఒక సంచిలో వేసుకుని ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి. కొత్త మాను కోయించే ముందే అడిగితే మరీ మంచిది.