వ్యవసాయ డిగ్రీతో జర్నలిజం వైపు

ప్రశ్న: మా అమ్మాయి రాజేంద్రనగర్‌లో బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. ఉద్యోగ పరీక్షలకు సిద్ధం కాకుండా ఆహారం, వ్యవసాయం, పర్యావరణంపై రాసే జర్నలిస్టునవుతానంటోంది. చదివినదంతా వృథా అవుతుందా? - ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: వృథా కాదు, కానీ డిగ్రీ మధ్యలో ఆపనివ్వకండి. మద్దతు ధరనే తీసుకోండి. ఉత్పత్తి వ్యయానికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని కేంద్రం అంటుంది, ఇవ్వడం లేదని రైతు సంఘాలు అంటాయి. కేంద్రం లెక్కలోకి తీసుకునేది చేతి నుంచి పెట్టిన ఖర్చుకు కుటుంబ శ్రమ విలువను కలిపిన ఎ2+ఎఫ్ఎల్‌ను. సంఘాలు కోరేది సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడిపై వడ్డీ కూడా కలిసిన సి2ను. ఈ తేడా తెలియని విలేకరి ఇరుపక్షాల ప్రకటనలను పక్కపక్కన అచ్చువేసి ఊరుకుంటారు.

మీ ఇంటికి దగ్గరలోనే, పీర్జాదిగూడ వైపు, మూసీ మురుగునీటితో పశుగ్రాసం పెంచుతారు. దుర్వాసన గురించి ఎవరైనా రాయగలరు. ఆ నీటిలోని లోహాలు మట్టిలోకి, గడ్డిలోకి, పాలలోకి ఏ మేరకు చేరుతున్నాయో తేల్చాలంటే నమూనా ఎక్కడ తీయాలో, ప్రయోగశాల నివేదికను ఎలా చదవాలో తెలిసి ఉండాలి. ఆ గడ్డిపై బతికే కుటుంబాలను దోషులుగా నిలబెట్టకుండా, శుద్ధి చేయని నీటిని నదిలోకి వదులుతున్నవారిని ప్రశ్నించడం కూడా ఈ వృత్తిలో భాగమే.

నాలుగో ఏట రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) కోసం పల్లెలో ఉండే కాలాన్ని మార్కులకే పరిమితం చేయవద్దని అమ్మాయికి చెప్పండి. రైతుల ఖర్చు లెక్కలు, కౌలు షరతులు, అప్పుల వడ్డీలు అప్పుడే రాసి పెట్టుకోవాలి. తరువాత పీజీ జర్నలిజానికి ఉస్మానియాలో సీపీగెట్ ప్రవేశ పరీక్ష ద్వారా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ కోర్సుకు సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా ప్రయత్నించవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం మాత్రం ఇప్పుడే నేర్చుకోవచ్చు; సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్న నగరం మనది. అయితే శాస్త్రవేత్త మాటను పొలంలో సరిచూసుకోవాలి, విత్తన, పురుగుమందుల కంపెనీల ఖర్చుతో వెళ్లే పర్యటనలకు దూరంగా ఉండాలి. (ఈ రెండో జాగ్రత్తను కళాశాలల్లో గట్టిగా చెప్పేవారు తక్కువ.)

ఆదాయం తొలి ఏళ్లలో నిలకడగా ఉండదు, ముఖ్యంగా సంస్థలో చేరకుండా స్వతంత్రంగా రాసేవారికి. తెలుగుతో పాటు ఇంగ్లీషులోనూ రాయగలిగితే అవకాశాలు పెరుగుతాయి. వయోపరిమితి దాటనంత వరకు వ్యవసాయ విస్తరణ అధికారి పోస్టులకు ఆమె డిగ్రీ అర్హతగా ఉంటుంది కనుక, పీజీ ముగిశాక రెండేళ్లు ఈ వృత్తిలో ప్రయత్నించనివ్వడం వల్ల మీరు భయపడుతున్నంత నష్టం లేదు.