పాట నలుగురిది, అప్పు మీ ఒక్కరిదా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాను. జీతం 58 వేలు, ఖర్చులు పోను నెలకు 14 వేలు మిగులుతాయి. నలుగురం కలిసి రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. మా సొంత పాటకు మ్యూజిక్ వీడియో తీయడానికి 3.6 లక్షల కొటేషన్ వచ్చింది. రెండు రోజుల షూటింగ్, రెండు లొకేషన్లు. బ్యాంకు 14 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. 2 లక్షల ఎఫ్‌డీ కూడా ఉంది. లోన్ తీసుకోనా, ఎఫ్‌డీ తీసేయనా?

జవాబు: రెండూ వద్దు. మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 12,300 పడుతుంది. నెలకు మీ చేతిలో మిగిలేది 1,700. వడ్డీయే 83 వేల దాకా పోతుంది. రేపు మీ బేసిస్టుకు (బేస్ గిటార్ వాయించే ఆయనకు) బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే బ్యాంకు ఆయన్ని అడగదు, సంతకం పెట్టింది మీరు కదా. ఇక ఎఫ్‌డీ అంటారా, ఉద్యోగం పోతే అద్దె కట్టేది దాంతోనే. దాన్ని ముట్టుకోకండి.

యూట్యూబ్‌లో తిరిగొస్తుందన్న ఆశ లెక్కల్లోకి రానివ్వొద్దు. ప్రకటనల ఆదాయం మొదలవడానికే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూలు) ఉండాలి. ఆ తర్వాత వెయ్యి వ్యూలకు 40 రూపాయలు వస్తాయనుకున్నా, 3 లక్షలు రాబట్టాలంటే 75 లక్షల వ్యూలు కావాలి.

ఇప్పుడు మీరు పంపిన కొటేషన్ చూద్దాం. కెమెరా, లెన్సులు 70 వేలు, లైట్లు, జనరేటర్ 60, లొకేషన్లు 50, భోజనాలు, బాటాలు (రోజు భత్యాలు), బండ్లు 20. దర్శకుడు, కెమెరామన్‌కు లక్ష. ఎడిటింగ్, డీఐకి (రంగులు సరిదిద్దే పనికి) 60 వేలు. అడుగున చిన్న అక్షరాల్లో 'జీఎస్టీ అదనం' అని ఉంది, చూశారా? మొత్తానికీ 18 శాతం వేస్తే 64,800. అంటే అసలు ఖర్చు 4.25 లక్షలు. రిజిస్ట్రేషన్ లేని ఫ్రీలాన్సర్ జీఎస్టీ వసూలు చేయకూడదు కాబట్టి, ఎవరెవరికి నంబరు ఉందో ముందే అడగండి.

ఒక్క రోజు, ఒక్క లొకేషన్ చేయండి. మొదటి నాలుగు పద్దుల 2 లక్షలు లక్షకు దిగుతాయి. మిగతా 1.6 లక్షలు సగం కావు గానీ, లక్ష దగ్గరికి బేరమాడొచ్చు. జీఎస్టీ పూర్తిగా పడినా 2.36 లక్షలు. పైన 36 వేలు అనుకోని ఖర్చులకు. నలుగురూ నెలకు 8,500 చొప్పున ఎనిమిది నెలలు ఆర్‌డీ కడితే 2.72 లక్షలు, సరిగ్గా సరిపోతుంది.

బడ్జెట్ దాటించేది ఎక్కువగా షూటింగ్ రోజు ఓవర్‌టైమే. కాల్షీట్ (ముందే ఒప్పుకున్న పని గంటలు) దాటితే లైట్‌మెన్ బాటా, జనరేటర్ డీజిల్, కెమెరా అద్దె మూడూ కలిసి పెరుగుతాయి. అందుకే పాట ఫైనల్ మాస్టర్ (ఇక మార్పులుండని ఆడియో) చేతికొచ్చాకే తేదీ ఖాయం చేయండి. పాత మిక్స్‌కు పెదాలు కదిపి, తర్వాత పాట నిడివి మారిందంటే ఆ రోజంతా వృథా. స్లో మోషన్‌లో పాడుతున్నట్టు కావాలంటే కెమెరా మామూలు 24కు బదులు సెకనుకు 48 ఫ్రేముల్లో నడవాలి, స్పీకర్లో పాట రెట్టింపు వేగంతో మోగాలి. ఆ ఫైలు ముందురోజే సిద్ధం చేసుకుని, డ్రమ్మర్‌తో సాధన చేయించండి. సింక్ తప్పితే ముందు కనబడేది ఆయన కర్రలే. డ్రమ్స్‌తో ఉండే సింబల్స్ (లోహపు పళ్లేలు) మోతలో స్పీకర్లో వేసే పాట వినబడదు కాబట్టి వాటికి రబ్బరు మ్యూట్లు వేసుకోండి.

గోల్కొండలో తీద్దామంటున్నారట. అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం, షూటింగ్‌కు అనుమతి తప్పనిసరి. డ్రోన్ మాట వస్తే, అది ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. బేగంపేట, హకీంపేట విమాన స్థావరాలు ఊరినే అంటుకుని ఉన్నాయి. నన్నడిగితే అద్దె హాలు, పొగ యంత్రం, నాలుగు లైట్లు రాక్ పాటకు చాలు.

డబ్బు మూడు విడతల్లో ఇవ్వండి: అడ్వాన్సు 30 శాతం, షూటింగ్ ఉదయం 40, మిగతా 30 ఫైనల్ ఫైలు, రా ఫుటేజీ (ఎడిట్ చేయని దృశ్యాలు) ఉన్న హార్డ్ డిస్క్ చేతికందాకే. ఎడిటింగ్‌లో ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చో కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వీడియోకు కర్త నిర్మాతే. అందుకని ఒప్పందంలో నిర్మాతలుగా నలుగురి పేర్లూ రాయించండి. బ్యాండ్ విడిచి వెళ్లేవాళ్ల వాటా సంగతి కూడా మొదటి ఆర్‌డీ వాయిదా కట్టేలోపే రాసుకోండి.