ఏ వేలు పెట్టానో చూపించు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వీధి నాటకం నిన్న అందింది. రాత్రే చదివాను. నాలుగో పేజీలో ఆగిపోయి, లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చున్నాను. కూలీల హాజరూ కూలీ రాసే మస్టరులో "నీ పేరు పక్కన వేలిముద్ర ఉంది" అనగానే ఆ ముసలమ్మ రెండు చేతులూ ముందుకు చాచి, "పది వేళ్లూ ఇవే బాబూ, ఇందులో ఏ వేలు పెట్టానో చూపించు" అంటుంది. ఆ మాట నీకు ఎక్కడ దొరికిందో గానీ, దొరకబుచ్చుకున్నావు.

ఐదో పేజీలో చదువుకున్న యువకుడు వచ్చాడు. అక్కడి నుంచి తొమ్మిదో పేజీ దాకా అతనే మాట్లాడాడు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో, గ్రామసభ ఎందుకో, చైతన్యం ఎలా వస్తుందో అన్నీ చెప్పాడు. చివర్లో అందరూ పిడికిళ్లు బిగించి "మేలుకో" అని అరిచారు. మరి ముసలమ్మ ఏమైంది? చాచిన చేతులు ఎప్పుడు దించింది? ఆమె సంగతే నీకు గుర్తు లేదు. నాకు కోపం వచ్చింది. ఈ ఉత్తరం ఆ కోపంలోంచే రాస్తున్నాను.

ఎవరిని మేలుకోమంటున్నావు? చీకటితో లేచి ఇంత వండి, పలుగూ పారా భుజాన వేసుకుని పనికి వెళ్లే మనిషినా? తన కూలి ఎవరో తిన్నారని ఆమెకు తెలుసు. ఎవరు తిన్నారో కూడా తెలుసు. నలుగురిలో ఆ మాట అనడానికి చోటు లేదు, అంతే. ఆ చోటు చేసి పెట్టడమే మన పని. జవాబు పట్టుకొచ్చే పాత్ర నాటకంలోకి అడుగు పెట్టగానే చూసేవాళ్ల నోరు మూతపడుతుంది. ఏళ్ల తరబడి ఈ మాట చెబుతున్నాను. ఇంకా చెబుతాను.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు బడికి సెలవు పెట్టి, ఊరూరా పాటలూ నాటకాలూ ఆడే కళాజాతాతో నెల్లూరు జిల్లా పల్లెల్లో తిరిగాను. సారా మీద నాటకం వేసేవాళ్లం. తాగిన మొగుడు తూలుతుంటే జనం నవ్వేవారు. ఆఖర్లో నేను ముందుకొచ్చి నీతి చెప్పేవాణ్ని. చప్పట్లు కొట్టేవారు. మేము బస్సెక్కి వెళ్లిపోయేవాళ్లం. అదే జిల్లాలో, అదే కాలంలో, చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ల వాచకంలో సారా మీదే, సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. రాత్రి బడిలో ఆ పాఠం చదివాక తమలో తాము మాట్లాడుకునేవారు. మా ఊళ్లో ఎలా ఉంది, మన ఇళ్లలో ఎలా ఉంది అని. 1992లో దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా కొట్టు మూయించారు. ఊరి నుంచి ఊరికి పాకి, చివరికి సారా వేలంపాటలే జరగనివ్వని స్థితి వచ్చింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. ఒక్క పాఠమే ఇంత చేసిందని అనను. కూలి డబ్బులు చీకటి పడేసరికి సారా కొట్టుకు చేరుతున్న కడుపుమంట అప్పటికే ఉంది. కానీ నా నాటకంలో లేనిది ఆ పాఠంలో ఉంది. అది అయిపోయాక మాట వాళ్ల చేతికి వెళ్లింది. నా నాటకంలో చివరి మాట నేనే అట్టిపెట్టుకున్నాను.

ఇది కొత్త సంగతేమీ కాదు. బుర్రకథ చూడు. కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. ఒక పక్క హాస్యగాడు, మరో పక్క రాజకీయం చెప్పే వంత. "అదెట్లాగ?" అని ఒకరు అడ్డం పడతారు, "ఇప్పుడూ అంతేగా" అని ఇంకొకరు నిన్నటి సంగతి తెస్తారు. జనం అడగాల్సిన ప్రశ్నకు కథలోనే చోటు పెట్టారు మన పెద్దవాళ్లు. 1943లో పుట్టిన వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి ఆ రూపాన్ని ఊరికే చేపట్టలేదు. అలాంటిది చేతిలో ఉండగా నీ యువకుడి చేత అన్ని పేజీల ఉపన్యాసం ఎందుకు చెప్పించావు?

దూరాన బ్రెజిల్‌లో ఆగస్టో బోల్ అనే నాటకకర్త ఇంకో అడుగు వేశాడు. నాటకం మధ్యలో ఆపి, చూస్తున్నవాళ్లను లేపి, ఆ పాత్ర చోట నువ్వే ఉంటే ఏం చేస్తావో చేసి చూపించమన్నాడు. 1993 నుంచి 1996 దాకా రియో డి జనీరో నగర పాలక సభలో సభ్యుడిగా ఉన్నప్పుడు, అలా జనం ఆడి చూపించిన వాటి నుంచి 13 చట్టాలు చేయించగలిగాడు. మనకు దగ్గరలో రాజస్థాన్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1994లో అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు ఊళ్లో జనాన్ని కూర్చోబెట్టి బిల్లులు, మస్టర్లు గట్టిగా చదవడం మొదలుపెట్టారు. తోలుబొమ్మలూ పాటలూ వాళ్ల వెంట ఉండేవి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చిందంటే దాని వెనక అలా చదివి వినిపించడం ఉంది.

అదే ఏడు వచ్చిన ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను సామాజిక తనిఖీ, అంటే పనుల లెక్కలు జనమే సరిచూసే బాధ్యతను గ్రామసభకు ఇచ్చింది. మన దగ్గర ఆ తనిఖీలో తేలినవి అందరి ముందూ చదివే ప్రజావేదికలు మొదలైన కొత్తలో ఒకదానికి వెళ్లాను. మండల ఆఫీసు ముందు షామియానా వేశారు. కూలీల ఇంటి నుంచే వచ్చిన ఒక కుర్రాడు మైకు ముందు నిలబడి చదువుతున్నాడు. పేరు, పని, ఎన్ని రోజులు, ఎంత కూలి. గొంతులో ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఒక పేరు దగ్గర వెనక వరసలోంచి ఒకామె లేచి, "ఆయన పోయి రెండేళ్లయింది" అంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆమె కూర్చోలేదు. కొంగు నడుముకు దోపుకుని అలాగే నిలబడింది. కాసేపటికి పక్కనున్నామె కూడా లేచింది. ఇరవై ఏళ్లు నాటకాలు వేసిన నేను అలాంటి క్షణం ఒక్కటి కూడా తయారు చేయలేకపోయాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి నా నాటకాల చివరి దృశ్యాలన్నీ కొట్టేశాను.

తప్పు నీదొక్కటే కాదు, అదీ నాకు తెలుసు. సమస్య ఉంది, పరిష్కారం ఏదీ అని అడిగే సంపాదకులు నీకూ తగిలే ఉంటారు. నా కథ ఒకటి ఆ మాటతోనే మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారి ఒక మంచి కలెక్టరును రప్పించి అన్నీ సర్దించాను. వెంటనే వేశారు. ఆ సంచిక ఈనాటికీ తెరవలేను. ఇప్పుడేమో డబ్బిచ్చి నాటకం వేయించేవాళ్లు పథకం పేరు మూడుసార్లు రావాలనీ పదిహేను నిమిషాలు దాటకూడదనీ చెబుతున్నారు. ప్రతి పోటీకీ సందేశాత్మకం అని ఒక తోక. ఆ తోక చూసి రాసిన యువకుడే నీ ఐదో పేజీలోకి వచ్చాడు.

ఇంకొక్క సంగతి. నాటకం చూసి ఒకామె నిజంగా లేచి మాట్లాడితే, నువ్వు వెళ్లిపోయాక ఆమె ఆ ఊళ్లోనే ఉండాలి. మర్నాడు పని అడగడానికి వెళ్లాల్సింది కూలీల పని చూసే ఆ మేట్ దగ్గరికే. కాబట్టి ఆడిన రాత్రి ఆ ఊళ్లోనే పడుకోండి. వీలైతే గ్రామసభకు ముందు రోజు ఆడండి, మర్నాడు సభలో వెనక వరసలో కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. ఆ ఊరి మస్టరు చదవాలనుకుంటే ముందుగా ఊరివాళ్లను అడగండి. ఒప్పుకోకపోతే వద్దు.

మాండలికం గురించీ, పుస్తకం వేయించడం గురించీ అడిగావు. వాటికి ఇది సమయం కాదు.

ముసలమ్మకు ముందు ఒక పేరు పెట్టు. ఆమె చాచిన చేతులు దించకుండానే మస్టరు చదవడం మొదలవనీ. డప్పు ఆపించు. తర్వాతి మాట రాయకు. రెండు ఊళ్లలో ఆడాక, ముందు ఎవరు లేచారో, ఏమన్నారో, వాళ్లన్న మాటలు అన్నట్టుగానే రాసి పంపు. ఎవరూ లేవకపోతే అదీ రాయి.

పెన్సిలు గీతలు పెట్టిన నీ ప్రతిని ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. ఐదు నుంచి తొమ్మిది దాకా పేజీలు అందులో లేవు. నా దగ్గరే ఉంచుకున్నాను.

నీ మేలు కోరే
మాస్టారు