నెలకి పదహారు వేలే అన్నారంటే మిగతాది ఎక్కడ పెట్టారో అడగండి

బెంగళూరు మారతహళ్ళి షోరూంలో కొత్త కారు నెలకి 17 వేలకే లీజుకిస్తామంటున్నారు (అంటే నెలనెలా అద్దె కట్టి, గడువయ్యాక తిరిగిచ్చేయడం), అంత తక్కువకి ఎలా ఇస్తారు, న్యూజెర్సీలో మా అన్నయ్యకీ ఇలాగే చవగ్గా వచ్చింది, తీసుకోవచ్చా అని కదా మీ ప్రశ్న. నేను 2024 జనవరిలో ఇలాంటిదే తీసుకుని రెండేళ్ళు నడిపి 2026 జనవరిలో తిరిగిచ్చేశాను కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

ముందు మీకు ఏ కారు ఇస్తున్నారో చూడండి. నన్ను షోరూంలో తళతళలాడే బండి దగ్గర కూర్చోబెట్టి మాట్లాడారు గానీ, నాకిచ్చేది హొస్కోటె వైపు యార్డులో ఉందని తెలిసి ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. వరసగా ఒకే మోడల్ బండ్లు, అద్దాల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము, వైపర్ల కింద ఎండుటాకులు. టైరు పక్కన గుండ్రటి గడిలో చివరి నాలుగంకెలు 2223 అని ఉన్నాయి, అంటే 2023లో 22వ వారంలో తయారైన టైరు. ఫారం 22, అంటే బండితో పాటు తయారీ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్, అడిగితే కారు తయారైంది జూన్ అని తేలింది. ఏడు నెలలు ఎండకీ వానకీ నిలబడిన బండి, పైగా క్యాలెండర్ మారింది కాబట్టి పోయినేడాది మోడల్ అయిపోయింది. లీజు ఎందుకంత చవగ్గా ఇస్తున్నారో నాకు అక్కడే అర్థమైంది.

కంపెనీలు డీలర్లకి బండ్లు పంపిస్తూనే ఉంటాయి, అవి అమ్ముడుపోకపోతే వడ్డీ డీలరు నెత్తిన పడుతుంది. డీలర్ల సంఘం ఫాడా 21 రోజులకి సరిపడా స్టాకు చాలని ఎప్పట్నుంచో అడుగుతోంది, కానీ 2024 పండగల ముందు అది 80-85 రోజులకి చేరింది, దాదాపు 79 వేల కోట్ల రూపాయల బండ్లు. అంత స్టాకు పెట్టుకుని ధర బాహాటంగా తగ్గిస్తే మొన్న కొన్నవాళ్ళు ఊరుకోరు, రేపు కొనేవాళ్ళు ఇంకా తగ్గుతుందేమోనని ఆగుతారు, సెకండ్‌హ్యాండ్ ధర కూడా పడిపోతుంది. అందుకని ధర బోర్డు మీద అలాగే ఉంచి తగ్గింపుని లీజు లెక్కలో పెడతారు.

ఆ లెక్క ఇలా ఉంటుంది, అంకెలు ఉదాహరణకి చెప్తున్నాను. కారు ధర 10 లక్షలు, రెండేళ్ళ తర్వాత దాని విలువ 6.5 లక్షలు ఉంటుందనుకుంటే మధ్యలో పోయే 3.5 లక్షలు 24 నెలలకి పంచితే నెలకి 14,600, దాని మీద 10 శాతం వడ్డీ కలిపితే సుమారు 21,500. ఇప్పుడు అదే కారుకి రెండేళ్ళ తర్వాత విలువ, అదే రెసిడ్యువల్ వాల్యూ, 7.2 లక్షలని రాసుకుని, వడ్డీలో కొంత కంపెనీ భరించి 6 శాతం చేస్తే నెలకి 16 వేలే. కారు అదే, బోర్డు మీద ధర అదే. కాగితం మీద రెండంకెలు మారాయి, అంతే.

మీ అన్నయ్యకి న్యూజెర్సీలో ఎలక్ట్రిక్ కారు లీజు చవగ్గా రావడానికి అక్కడ ఇంకో కారణం కూడా ఉంది. కొనేవాళ్ళకి సవాలక్ష షరతులున్న 7,500 డాలర్ల పన్ను రాయితీ లీజు కంపెనీకైతే తేలిగ్గా దొరికేది, అది నెలసరి అద్దెలో కలిసేది. 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. మనకి అలాంటిది లేదు కాబట్టి ఆయన రేటుతో పోల్చుకోకండి.

సరే, రాసుకున్న ఆ 7.2 లక్షలు నిజం కాకపోతే ఏమవుతుంది? తిరిగిచ్చేస్తే నష్టం వాళ్ళది. 2008లో అమెరికాలో పెట్రోలు ధరలు పెరిగి పెద్ద బండ్ల పాత ధరలు కుప్పకూలినప్పుడు ఫోర్డ్ లీజుల మీద 210 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది, క్రైస్లర్ ఫైనాన్స్ కంపెనీ అయితే లీజులే మానేసింది. నా విషయంలో కూడా చిన్న ఎత్తున అదే జరిగింది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, కొత్త బండే దాదాపు 80 వేలు తగ్గింది, దాంతో పాతవాటి ధరలూ దిగాయి. మదనపల్లె వెళ్ళినప్పుడల్లా నాన్న ఆ కారులోనే తిరిగేవారు, ఉంచేసుకోరా అన్నారు, నాకూ మనసైంది. కానీ ఉంచుకోవాలంటే లీజు కాగితంలో ముందే రాసుకున్న రెసిడ్యువల్ వాల్యూ కట్టాలి, బయటేమో అదే కారు దానికంటే లక్ష తక్కువకి దొరుకుతోంది. బాధగానే తాళాలిచ్చేశాను. కాబట్టి తిరిగిచ్చేసే ఉద్దేశముంటే ఈ లీజు మీకు లాభమే, చివర్లో కొనుక్కుందాం అనుకుంటే మాత్రం వద్దు, ఆ తగ్గింపు నగదులో అడిగి లోనులో కొనుక్కోండి.

ఇంకో రెండు విషయాలు. చెప్పిన అద్దె మీద పన్ను వేరే ఉంటుంది, ఆ కారుకి ఎంత జీఎస్టీ అయితే అద్దె మీదా అంతే, నాకు చెప్పింది 16 వేలు, అప్పట్లో పన్నుతో కలిపి కట్టింది 20 వేల పైన, ఇన్సూరెన్స్ కాక. రెండోది ఇంతకంటే ముఖ్యం: మధ్యలో ఆపేస్తే ఎంత కట్టాలి? నా టీంలో ఒకబ్బాయి కంపెనీ ద్వారా లీజు తీసుకున్నాడు, 14వ నెలలో ఉద్యోగం పోయింది. జీతం ఆగిన నెలలోనే కారుకి లక్షల్లో లెక్క తేల్చమన్నారు, పాపం పెళ్ళికని దాచుకున్న డబ్బు తీసి కట్టాడు. బెంగళూరులో ఇప్పుడు ఉద్యోగాలెలా ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. ఇలా మధ్యలో ఆపేస్తే కట్టాల్సిన ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఏ నెలకి ఎంతో పట్టికగా ఇమ్మనండి, ఇవ్వం అంటే లేచి వచ్చేయండి.

తీసుకునేరోజు కారు చుట్టూ వీడియో తీసి పెట్టుకోండి, బంపర్ల అంచులు, నాలుగు చక్రాల రిమ్ములు దగ్గర నుంచి. నేను తిరిగిచ్చేటప్పుడు వాళ్ళ మనిషి ఎడమవైపు రిమ్ము మీద గీతకి ఆరు వేలన్నాడు, డెలివరీ రోజు వీడియోలో ఆ గీత కనిపిస్తోందని చూపిస్తే కొట్టేశాడు.