బైండింగ్‌ మీరు బిగించకండి

ప్రశ్న: నా వయసు 52. వచ్చే నెల మా అబ్బాయితో కలిసి మొదటిసారి స్కీయింగ్ నేర్చుకోబోతున్నాను. సామానంతా అద్దెకే తీసుకుంటున్నాం. స్కీలు మాటిమాటికీ ఊడిపోతాయనీ, స్క్రూడ్రైవర్‌తో బైండింగ్ కాస్త బిగించుకోమనీ తెలిసినవారు చెబుతున్నారు. అది మంచిదేనా? ఇంకా ఏ జాగ్రత్తలు అవసరం? - ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ, ఆ పని మాత్రం చేయకండి. స్కీయింగ్ నేర్చుకోవడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పే మాట ఇదే. బూటును స్కీకి పట్టి ఉంచేదీ, పడినప్పుడు వదిలేసేదీ బైండింగే. స్కీ కొస మంచులో దిగబడి మీరు పక్కకు పడ్డారనుకోండి, ఆ పొడవాటి పలక మీ కాలిని మెలితిప్పుతుంది. సమయానికి ఊడకపోతే ఆ దెబ్బంతా కాలి మీదే పడుతుంది.

బైండింగ్ ముందు భాగంలోనూ, మడమ భాగంలోనూ చిన్న కిటికీలాంటి చోట ఒక అంకె కనిపిస్తుంది. దాన్ని డిన్ అంటారు. ఆ అంకె ఎంత పెద్దదైతే స్కీ ఊడడానికి అంత ఎక్కువ బలం కావాలి. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు స్కీయింగ్ చేసే తీరు చూసి, ఐఎస్ఓ 11088 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని పట్టిక ప్రకారం దుకాణంలో నిపుణులు ఆ అంకెను నిర్ణయిస్తారు. 50 ఏళ్లు నిండినవారికి పట్టికలో ఒక వరుస తగ్గిస్తారు కాబట్టి వయసు దాచవద్దు. పెద్దవాళ్లు బరువు తగ్గించి రాయడం, కుర్రాళ్లు తమకు బాగా వచ్చని రాయడం నేను తరచూ చూస్తుంటాను. మొదటి అబద్ధంతో స్కీ అనవసరంగా ఊడుతుంది, రెండో దానితో అవసరానికి ఊడదు. మీ అబ్బాయి ఎంత చురుకైనవాడైనా ఇద్దరూ స్కీయింగ్ తీరు దగ్గర ‘మొదటి రకం’, అంటే నెమ్మదిగా, జాగ్రత్తగా చేసేవారు, అనే రాయించండి. మధ్యలో బూట్లు మార్చుకుంటే స్కీలు కూడా తీసుకెళ్లి అంకె మళ్లీ సరిచూపించుకోండి.

ఇక స్కీ ఊడిపోవడం సంగతి. కొత్తవారి విషయంలో చాలాసార్లు తప్పు స్క్రూది కాదు, బూటు అడుగున అతుక్కున్న మంచుది. నాలుగడుగులు నడిచేసరికి మడమ కింద మంచు గడ్డకడుతుంది. అలాగే తొక్కితే బైండింగ్ మూసుకున్నట్టే కనిపిస్తుంది కానీ పట్టు సరిగా కుదరదు. చేతికర్ర మొనతో అడుగంతా గీకేయండి. వాలుకు అడ్డంగా నిలబడి, ముందు దిగువ వైపు స్కీ తొడుక్కోండి. బూటు మునివేళ్ల భాగాన్ని లోపలికి పెట్టి, మడమతో గట్టిగా అదమండి. టక్కుమన్న చప్పుడు వినిపించాలి. ఆ తర్వాత కాలు ఎత్తి ఊపి చూసుకోండి. బూటు ఊడగానే ఇరువైపులా బ్రేకులు కిందికి దిగుతున్నాయో లేదో అద్దెకు తీసుకునేటప్పుడే చూడండి. ఒంటరిగా జారిపోయే స్కీ కింద ఉన్నవారికి ప్రాణాపాయం.

అయితే బైండింగ్ ఎంత సరిగ్గా అమర్చినా మోకాలి లిగమెంట్లను అన్నివేళలా కాపాడలేదు. పడి జారుతూ ఉండగానే లేవడానికి ప్రయత్నించకండి. పూర్తిగా ఆగాకే లేవండి.

స్కీల అంచులు పదునైన ఉక్కువి, చేతి తొడుగులు లేకుండా పట్టుకోవద్దు. రెండింటి అడుగులూ కలిపి, బ్రేకులు ఒకదానిలో ఒకటి చిక్కుకునేలా జతచేసి, కొసలు ముందుకు ఉండేలా భుజాన వేసుకోవాలి. ఎవరైనా పిలిస్తే గభాలున వెనక్కి తిరగకండి, స్కీల వెనక కొసలు పక్కవారి ముఖానికి తగులుతాయి. జనం ఉన్నచోట నిలువుగా గుండెకు ఆనించి పట్టుకోవడమే మేలు.

చేతికర్రల పట్టీలు, కొండపైకి తీసుకెళ్లే లిఫ్టు ఎక్కే ముందే మణికట్టు నుంచి తీసేయండి. పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే కర్రతో పాటు మనిషినీ లాగేస్తుంది. కర్ర చేతిలో ఉండగా పడితే బొటనవేలి మొదట్లోని లిగమెంటు తెగే ప్రమాదం ఉంది. అందుకే పడుతున్నప్పుడు కర్ర వదిలేయడం అలవాటు చేసుకోండి.

హెల్మెట్ మీద ఈఎన్ 1077 గానీ ఏఎస్‌టీఎమ్ ఎఫ్2040 గానీ అనే భద్రతా ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. బూటులోకి ఒక్క పల్చటి మేజోడు చాలు, రెండు వేస్తే ముడతలు పడి కాలు ఒరుసుకుపోతుంది. సాయంత్రం అంచులు పొడిగుడ్డతో తుడిచి, బూట్లను గాలి తగిలేచోట ఆరబెట్టండి. హీటర్ పక్కన మాత్రం పెట్టకండి, వేడికి ప్లాస్టిక్ ఆకారం మారిపోతుంది.